పెద్దక్క స్కాన్

రాళ్ళ కోత కార్ఖానాలో పలకలను నునుపు చేసే పెద్దక్కను దగ్గు పట్టుకుని నెలలైంది. ఎన్ని మందులు మింగినా, అత్తారింటికొచ్చిన కొత్తల్లుడిలా అది కదలనంది. చివరికి చెల్లెలు రెక్క పట్టుకుని ఆస్పత్రికి లాక్కెళ్ళింది.

ఎక్స్‌రేలో కుడివైపు మసక మచ్చ కనిపించింది.

"ఛాతీకి సీటీ స్కాన్ తీయించాలమ్మా," అంది డాక్టరమ్మ.

"ఇప్పుడేగా ఫోటో తీశారు! మళ్ళీ ఇంకోటా?"

"ఇందులో పక్కటెముకలు, గుండె, ఊపిరితిత్తులు అన్నీ ఒకదానిమీద ఒకటి పడి కనిపిస్తాయి. స్కాన్ మిషను మీ చుట్టూ తిరిగి ఛాతీని పల్చటి పొరలు పొరలుగా చూపిస్తుంది. గడ్డా, క్షయా, రాతిధూళి చేసిన మచ్చా అన్నది అప్పుడు చాలావరకు తేలుతుంది. రేడియేషన్ ఎక్స్‌రే కంటే ఎక్కువే. అందుకే ఊరికే రాయను."

గడ్డ అన్న మాటకే పెద్దక్కకు అదే కార్ఖానాలో పనిచేసి, దగ్గి దగ్గి పోయిన మొగుడు కళ్ళముందు మెదిలాడు.

"ఇంటికెళ్ళి ఆలోచిద్దామా అక్కా?" చెల్లెలు నసిగింది.

"మీ బావ ఆలోచిస్తూనే పోయాడు. ఇవాళే తీయించుకుంటా."

స్కాన్ గది చల్లగా ఉంది. గుండ్రటి పెద్ద యంత్రం, దాని మధ్యలోకి జరిగే సన్నటి బల్ల. టెక్నీషియన్ ఆమెను పడుకోబెట్టి, చేతులు తలపైకి పెట్టించి, అద్దం అవతలికెళ్ళాడు. "గాలి పీల్చి బిగబట్టండమ్మా!" బల్ల కదిలిందో లేదో, దగ్గు తన్నుకొచ్చింది. బొమ్మ చెడింది.

"రేపు చూద్దామా?" అన్నాడతను.

"రేపు మాత్రం దగ్గు ఊరుకుంటుందా బాబూ? కాసిని నీళ్ళివ్వు."

లేచి నీళ్ళు తాగి మళ్ళీ పడుకుంది. గొంతులో గరగర. పళ్ళు బిగించింది. కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు చెవుల్లోకి జారాయి. "అయిపోయింది" అనేదాకా ఊపిరి వదల్లేదు. ఆ తర్వాత తనివితీరా దగ్గింది.

స్కాన్‌లో చూస్తే అది గడ్డ కాదు. కఫం పరీక్షలో క్షయ కూడా కాదని తేలింది. రాతిధూళే ఊపిరితిత్తుల్లో మచ్చలు కట్టింది.

"ఉన్నవి పోవు. ధూళికి దూరంగా ఉంటే ముదరడం నెమ్మదించొచ్చు," అంది డాక్టరమ్మ.

మర్నాడు పెద్దక్క యజమాని ఎదుట నిలబడింది. "నన్ను లెక్కల గదికి మార్చండి. యంత్రాలకి నీళ్ళ గొట్టాలు పెట్టించండి. తడిగా కోస్తే ఇంత ధూళి లేవదు."

"అందరి తరఫునా నువ్వే మాట్లాడతావా?"

వెనక పనివాళ్ళు యంత్రాలు ఒక్కొక్కటిగా ఆపేశారు. యజమాని గొణుక్కుంటూనే ఫోన్ తీసి కుళాయిల మేస్త్రీని పిలిచాడు.