సీసపు అచ్చులో వేసిన వద్దు

అంత అందమైన వాక్యం లైప్‌జిగ్‌లో ఇంకే ప్రచురణ సంస్థకీ లేదు, సీసపు అక్షరాలు ఒక్కొక్కటీ పేర్చి, సిరా పూసి, మందపాటి కాగితం మీద అద్ది, ఫోటో తీసి మరీ వెబ్‌సైటులో పెట్టింది కదా అక్కడ పనిచేసే గెజీనె, మా పుస్తకాల్లోంచి యంత్రాలతో సమాచారం తోడుకునే హక్కు ఎవరికీ ఇవ్వడం లేదు అని, పుస్తకాల సంతలో ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా మెచ్చుకున్నారు, పొంగిపోయింది, ఇవాళ పదకొండున్నరకి కాఫీ పెదవి దాకా వెళ్లాక తట్టింది, అది బొమ్మ, పేజీలు ఏరుకుపోయే యంత్రం బొమ్మల వంకే చూడదు, చట్టమేమో యంత్రం చదవగలిగేలా చెబితేనే వద్దన్నట్టు లెక్క అంటోంది, అమ్మో, పన్నెండింటికి ఒటీలియె గారి నిఘంటువు ఈ-పుస్తకమై బయటికి పోతుంది, నలభై ఏళ్లు కొండ ఊళ్లలో లేసు అల్లేవాళ్ల మధ్య కూర్చుని ఏరిన పదకొండు వేల మాటలు, ఒకసారి తోడుకుపోయాక వెనక్కి పోయమంటే ఎవరు పోస్తారు,

లేచింది, కుర్చీ పడింది, పడనీ, లోజె గారూ మన వద్దు యంత్రానికి తెలియడం లేదండీ, యజమాని తల ఎత్తలేదు, అంత పెద్ద అక్షరాల్లో వేశాం, ఇంకా చదవకపోతే దానికి కళ్లద్దాలు కొనిపెట్టాలా ఏం, కళ్లే లేవండీ, చెవిలో చెప్పాలి, నవ్వు ఆగలేదు ఇద్దరికీ, వేళ్లు పరుగెడుతున్నాయి, వెబ్‌సైటులో యంత్రాలు ముందుగా తెరిచే చిన్న ఫైలులో రెండు వరసలు, గీత పడాల్సిన చోట చుక్క పడింది, కొట్టేసి మళ్లీ, ఈ-పుస్తకం లోపల పాఠకులకి కనబడని వివరాల్లో ఇంకొకటి, ఇంత అనాకారి వాక్యం జన్మలో రాయలేదు, అయినా మూడుసార్లు సరిచూసింది, చూడకుండా పంపే చెయ్యి కాదది, పన్నెండుకి ఎనిమిది నిమిషాలుండగా పంపేసింది, పోయింది, పోయింది,

ఒటీలియె గారికి ఫోన్ చేసి తప్పు ఒప్పుకుంది, అటు ముసలావిడ, నా మాటలకి తాళం వేశావన్నమాట పిల్లా, అడిగితే కాదనే మనిషినా నేను, ఒక్కో మాటకీ ఒక్కో గుమ్మంలో మంచు బూట్లు విప్పి, మీ అమ్మ దీన్నేమనేది అని అడిగి తెచ్చుకున్నాను, ఆ యంత్రాల వాళ్లనీ అలాగే వచ్చి అడగమను, రేగిపండంత కంపెనీ అయినా కొండంత కంపెనీ అయినా కేకు పెట్టి మాట్లాడతాను, అంటోంది, గెజీనె వింటోంది, మనసు నెమ్మదిగా కుదుటపడుతోంది, తలుపులన్నీ మూసేశాననుకుంది ఇంతసేపూ, తలుపు తట్టి, అడిగి రమ్మని చెప్పడానికా ఇంత పరుగు పరుగెత్తింది తను.