పెయిస్లీ బొంత

అమెరికాలో, రాచెస్టరు ఊళ్ళో ఆడవాళ్ళు ఏటా డిసెంబరులో ఒక సంత పెట్టేవారు. సముద్రం అవతల స్కాట్లాండులో, ఐర్లాండులో ఉన్న స్త్రీలు శాలువలూ టోపీలూ మేజోళ్ళూ కుట్టి, అల్లి, పెట్టెలకెత్తి పంపేవారు. వీళ్ళ ముఖం వాళ్ళు చూసింది లేదు, వాళ్ళ ముఖం వీళ్ళు చూసింది లేదు. ఆ సరుకు అమ్మగా వచ్చినదానితో, దక్షిణాదిన బానిసత్వం నుంచి పారిపోయి వచ్చినవాళ్ళను ఒంటారియో సరస్సు మీద పడవెక్కించి కెనడా ఒడ్డుకు చేర్చేవారు. పారిపోయినవాళ్ళను ఎక్కడున్నా పట్టి అప్పగించాలని కొత్త చట్టం వచ్చాక, ఆ ఒడ్డు చేరితే తప్ప ప్రాణానికి భరోసా లేదు.

పెట్టెలు విప్పి సరుకు చూసే పని కెటూరాది. జార్జియాలో పదిహేనేళ్ళు పత్తి ఏరి, తప్పించుకుని వచ్చి ఎనిమిదేళ్ళయింది. ఇప్పుడు కుట్టుపనితో బతుకుతోంది. నువ్వూ సరస్సు దాటిపోరాదా, ఎవడైనా వచ్చి పట్టుకుపోతే దిక్కేమిటని అడిగితే, దాటించేవాళ్ళు ఈ ఒడ్డున ఉండాలి కదా అనేది. అంతకుమించి ఆ మాట పెంచేది కాదు. చెల్లెలు డైసీ ఆ చేలోనే ఉండిపోయింది. ఆమె గురించి ఒక్క కబురు లేదు.

సంతకు ఒక కట్టుబాటు ఉంది. బానిసలు పండించిన పత్తి గుమ్మం దాటి లోపలికి రాకూడదు. నూలు బట్ట ఏదైనా సరే, అది కూలి ఇచ్చి పండించిన పత్తేనని చీటీ ఉంటేనే బల్ల ఎక్కుతుంది. ఆ కట్టుబాటు పెట్టింది ఫైలూరా గిఫర్డు. ఆమె క్వేకరు అనే క్రైస్తవ శాఖ మనిషి. పంచదార కూడా బానిసల చెరకుదేనని, ఇరవై ఏళ్ళుగా అది లేకుండానే టీ తాగుతోంది. తాగేటప్పుడు ముఖం చూస్తే కషాయం మింగుతున్నట్టే ఉండేది, అయినా ఒక్కరోజు తప్పలేదు. వాళ్ళ మతంలో ఎవరినీ మీరు అనరు, ఎవరిచేతా అనిపించుకోరు. పుట్టిన దగ్గరినుంచీ అమ్మగారూ అయ్యగారూ అంటూ పెరిగిన కెటూరాకు, తెల్లావిడను పేరు పెట్టి నువ్వు అనడానికి నోరు తిరగడానికి ఒక ఏడాది పట్టింది. అలవాటయ్యాక మాత్రం ఆ సుఖం వదులుకోలేదు.

ఆ ఏడు స్కాట్లాండులోని పెయిస్లీ ఊరి నుంచి వచ్చిన పెట్టె అన్నిటికన్నా పెద్దది. పంపినవాళ్ళు దొరసానులు కారు, నూలు మిల్లులో పనిచేసే ఆడవాళ్ళు. పొద్దున్నుంచి చీకటిపడేదాకా మిల్లులో నిలబడి, ఇంటికొచ్చి వీళ్ళకోసం సూది పట్టుకునేవారు. అందులో ఒక బొంత ఉంది. నీలం, తెలుపు ముక్కలు, ప్రతి ముక్క మూలనా కుట్టినవాళ్ళ పేరు సిరాతో రాసి ఉంది. పైబట్టకు చీటీ కూడా జతచేశారు. చూసినవాళ్ళంతా దాని చుట్టూ చేరిపోయారు. ఊళ్ళో ఒక పెద్దింటావిడ తనకు కావాలని అప్పటికే చెప్పి వెళ్ళింది.

కెటూరా మాత్రం బొంతను ఒళ్ళో వేసుకుని అరచేత్తో నొక్కి చూసింది. కత్తెర తీసి ఒక అంచు కుట్టు విప్పింది. లోపలి దూది కాస్త లాగి వేళ్ళ మధ్య పీకింది. పొట్టి పోగు, జార్జియాలో తను ఏరిన రకమే. అందులో ఆకు నలుసూ, గింజ పొట్టూ ఉన్నాయి. ఆ నలుసులు ఏరనందుకు వీపు మీద పడిన దెబ్బలు ఆమెకు ఇంకా గుర్తున్నాయి. జరిగింది తేలిగ్గానే అర్థమైంది. పాపం, ఆ మిల్లు ఆడవాళ్ళు పైబట్ట మంచిది చూసి కొన్నారు, లోపలికి మాత్రం మిల్లు నేలమీద ఊడ్చిన దూది నింపారు. అది వాళ్ళకు చెత్త. చెత్తకు చీటీ కావాలని ఎవరికి తోస్తుంది?

సంత నడిపే ఆడవాళ్ళ సంఘంలో పెద్ద రగడే అయింది. లోపలున్నది ఎవరికి కనిపిస్తుంది, ఊరుకుందాం, ఈ ఒక్క బొంతతో ముగ్గురు సరస్సు దాటుతారని కొందరన్నారు. కట్టుబాటు కట్టుబాటే, తగలబెట్టి వాళ్ళకు గట్టిగా రాద్దామని ఫైలూరా అంది. గట్టిగా రాస్తే వాళ్ళు నొచ్చుకుని పెట్టె పంపడం మానేస్తారు, అప్పుడు పడవలు ఎవరు నడుపుతారని మిగతావాళ్ళు ఆమె మీద పడ్డారు. కెటూరా అందరినీ మాట్లాడనిచ్చింది.

"అమ్మొద్దు, కాల్చొద్దు. ఇది ఏరినవాళ్ళ సొత్తు, ఏరినవాళ్ళకే ఇద్దాం," అంది చివరికి. "ఉత్తరం నేను రాస్తాను."

"వాళ్ళు మానేస్తే?" అంది ఫైలూరా.

"మానేస్తే ఆ నింద నాది. కానీ ఫైలూరా, నాకోసం కళ్ళు పొడుచుకుని కుట్టిన మనిషికి నేను నిజం దాచలేను. దాచి పుచ్చుకునేది ముష్టి. నాకు ముష్టి వద్దు."

బొంత ఆ వారమే చంటిబిడ్డతో వచ్చిన ఒక తల్లి భుజాల మీద సరస్సు దాటింది. ఉత్తరానికి మాత్రం నాలుగు రోజులు పట్టింది. అక్షరాలు నేర్చుకుని మూడేళ్ళే అయింది. పెయిస్లీ సంఘం పెద్ద యూఫేమియా మక్కెల్లరు పేరున, గౌరవనీయులైన అమ్మా అని మొదలుపెట్టింది. మిమ్మల్ని తప్పు పట్టడానికి రాయడం లేదు, మీ దూది నాకు తెలిసిన దూది, అంతే, అని రాసింది. పత్తికాయ మొనలు ఎలా కోస్తాయో, వేళ్ళు చిట్లితే చీరిన గుడ్డపీలికలు ఎలా చుట్టుకుంటారో, తూకం తగ్గుతుందని అవి జారిపోయినా వెనక్కి తిరిగి వెతుక్కోనివ్వరని రాసింది. డైసీ ఆరేళ్ళకే చేలో దిగిందని కూడా రాసింది.

చలికాలం పోయింది, జవాబు లేదు. వసంతంలో కార్కు నుంచి ఉత్తరాలొచ్చాయి, ఎడిన్బరో నుంచి వచ్చాయి, పెయిస్లీ నుంచి రాలేదు. జులైలో ఇద్దరిని పడవ ఎక్కించడానికి డబ్బు చాలక ఊరి బయట కొట్టంలో పది రోజులు దాచవలసి వచ్చింది. సంఘంలో ఎవరూ కెటూరాను పల్లెత్తు మాట అనలేదు, కానీ ఆమె రాగానే మాటలు ఆగిపోయేవి. ఆ మౌనం ఆమెకు తిట్లకన్నా ఎక్కువ తగిలింది. తన రోషం ఇద్దరు మనుషుల ప్రాణం మీదికి తెచ్చిందేమోనని కుమిలిపోయింది.

నవంబరులో పెట్టె వచ్చింది, నిరుటికన్నా పెద్దది. పైనుంచి కిందిదాకా ఉన్ని, నార. నూలు పోగు ఒక్కటి లేదు. కుట్టిన దారం కూడా నారదారమే. ఫైలూరా ఒక శాలువ తిరగేసి చూసి, కళ్ళు తుడుచుకోవడానికి కిటికీ దగ్గరికి వెళ్ళింది.

అడుగున ఒక రేకు పొగాకు డబ్బా, దానికింద ఉత్తరం. కెటూరా పైకే చదివింది.

"ఆలస్యానికి మన్నించు. నీ ఉత్తరం మిల్లు గేటు దగ్గర నలభైమందికి చదివి వినిపించాం. మా పొట్టకూడు ఆ పత్తిలోనే ఉంది తల్లీ. రేపు పొద్దున మళ్ళీ అదే వడుకుతాం. నీకు అబద్ధం చెప్పం. కానీ మా ఇళ్ళలో కుట్టేదాంట్లోకి ఇక అది రాదు. ఇంకో మాట. పత్తి బేళ్ళు విప్పే గదిలో మాకు అప్పుడప్పుడు చిన్న గుడ్డ ఉంగరాలు దొరుకుతుంటాయి. అవేమిటో ఎవరికీ తెలిసేది కాదు. ఎందుకో పారేయ బుద్ధికాక ఏళ్ళ తరబడి ఈ డబ్బాలో వేస్తూ వచ్చాం. నువ్వు రాశాక తెలిసింది. మీవి మీకు పంపుతున్నాం."

కెటూరా మూత తీసింది. పీలికలు, పదిహేడు. ఎండిపోయి, గోధుమరంగుకు తిరిగి, వేలు జారిపోయినా వేలి ఆకారం పోని పీలికలు. కొన్నిటికి పంటితో లాగి వేసిన ముడి అలాగే ఉంది. ఎవరివో చెప్పడానికి ఏ గుర్తూ లేదు. ఒక చిన్నది తీసి తన చిటికెన వేలికి పెట్టుకుంది. మొదటి కణుపు దాటలేదు.

ఇవి ఏ బల్ల మీద పెట్టాలని ఫైలూరా మెల్లగా అడిగింది. అమ్మేవి కావు, అయినా మొదటి బల్ల మీదే పెట్టమంది కెటూరా.

తరవాత కాగితం తెచ్చుకుని కూచుంది. అలవాటుగా గౌరవనీయులైన అని రాసి, కొట్టేసి, కింద మళ్ళీ మొదలుపెట్టింది.

"యూఫేమియా అక్కా, అన్నీ చేరాయి."