రెండుసార్లు కొట్టే గంట

ఫెర్నాన్ మాష్టారు చర్చి మెట్లమీద కూచుని మిరపకాయ బజ్జీ తింటున్నారు, చనిపోయి ఆర్నెల్లయినా కోటు గుండీలు ఎప్పటిలా తప్పుగానే పెట్టుకున్నారు, చర్చి మా మోర్వియే ఊరిదే, మెట్లు మాత్రం దిగేకొద్దీ యానాంలో మా పుట్టింటి గోదావరి రేవులోకి వెళ్ళిపోతున్నాయి, ఈ రెండూళ్ళనీ ఎవరు కలిపారా అని నాకు ఆశ్చర్యం కూడా కలగడం లేదు.

"ఏమ్మా సుగుణా, పప్పు ఉడికిందా?" అంటారు.

ఆ పప్పు సంగతి ఆయనింకా మరిచిపోలేదు. ఫ్రాన్సులో రెండొందలమంది ఉండే ఈ మోర్వియే పల్లెకి కోడలిగా వచ్చి పదకొండేళ్ళు, ఆయన రాసిన ఊరి చరిత్ర టైపు చేసేది నేనే, ఆఖరి రోజు పొద్దున ఫోన్ చేసి "పుస్తకంలో ఓ తప్పుంది, ఒకసారి రా" అంటే, ఏ కామాయో అనుకుని, పొయ్యిమీద పప్పుంది రేపొస్తానన్నాను, సాయంత్రానికి మనిషి లేరు.

"తెలుగెప్పుడు నేర్చుకున్నారండీ?" అంటాను, మాట మార్చడానికి.

"పైన పనేముందమ్మా, అంతా ఖాళీయే. ఆయ్, బజ్జీ తిను."

అందుకోబోతే అది గంట తాడైపోతుంది. మా చర్చి గంట ప్రతి గంటకీ రెండుసార్లు కొడుతుంది, పొలాల్లో ఉన్నవాళ్ళకి మొదటిసారి లెక్క తప్పితే రెండు నిమిషాలాగి మళ్ళీ లెక్కపెట్టుకోవచ్చు. ఇదెలా మొదలైందో మాష్టారు ఏటా ఊరి పండగ విందులో చెప్పేవారు: ఒడెత్ మామ్మ వాళ్ళ తాత గంట కొట్టేవాడట, తప్పతాగి మధ్యలో లెక్క మరిచిపోయి మళ్ళీ మొదట్నుంచి కొట్టాడట. ఊరంతా పడీపడీ నవ్వేది, ఒడెత్ మామ్మ పళ్ళెంలోకి చూస్తూ కూచునేది.

"ఆ తాగుబోతు వాళ్ళ తాత కాదమ్మా," మాష్టారు గొంతు తగ్గిస్తారు, "మా తాత."

"అయ్యో! మరి పాపం ఆవిడ పరువెందుకు తీశారండీ?"

"నలభయ్యేళ్ళు ఈ ఊరికి లెక్కలు చెప్పినవాణ్ణి. ఎక్కం తప్పితే చెవి మెలిపెట్టినవాణ్ణి. మా తాతకే పన్నెండుదాకా లెక్క రాలేదని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

నాకు నవ్వూ కోపమూ ఒకేసారి వస్తాయి. రేవులో పడవమీద, నిక్షేపంగా బతికున్న ఒడెత్ మామ్మ, తొంభై ఒకటో ఏట, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని మాకు వీపు తిప్పి కూచుంది.

"పుస్తకం ఇవాళ పొద్దున్నే అచ్చుకి వెళ్ళిపోతోంది మాష్టారూ!"

"ఆ ముక్క పెన్సిలుతో కొట్టేశాను. నువ్వు చూళ్ళేదు."

"ఆవేళ నేను రావలసిందండీ. తప్పు నాదే."

"నీదో తప్పు, నాదో తప్పు. అందుకేగా మళ్ళీ పిలిచాను," అంటూ ఆయన తాడు లాగుతారు.

గంట మోగుతుండగా మెలకువ వచ్చింది. ఎన్ని కొట్టిందో అందలేదు. చెప్పులైనా వేసుకోకుండా బల్ల దగ్గరికి పరుగెత్తి మాష్టారి చేతిరాత కాగితాలు తీశాను. నలభై ఒకటో పేజీలో, ఒడెత్ మామ్మ వాళ్ళ తాత అన్నచోట, మాటలమీదుగా సన్నటి పెన్సిలు గీత ఉంది. ముసలాయన చెయ్యి వణికి పడిందనుకుని, అప్పట్లో చూసి కూడా టైపు చేసేశాను.

అచ్చుకి వెళ్ళాల్సిన టైపు కాగితంమీద ఆ మాటలు కొట్టేసి "మా తాత" అని రాస్తుండగా గంట రెండోసారి మొదలైంది. ఈసారి లెక్కపెట్టాను. ఏడు. అచ్చాఫీసు తెరిచేది ఎనిమిదికి.