తాత బండిలో హీటర్

ముందే ఒక మాట ఒప్పేసుకుంటాను: ఈ కథ చెప్పే నాకు బండ్ల మీద పక్షపాతం ఉంది. మనిషికీ ఇంజన్‌కీ గొడవొస్తే ఇంజన్ తరఫునే మాట్లాడతాను. అది గుర్తుపెట్టుకుని చదవండి.

ఆ ఆదివారం పొద్దున తొండియార్‌పేటలో, ఇంటి ముందు, తాత శేషాద్రి డీజిల్ పికప్ బానెట్ ఎత్తి నిలబడింది నివేదిత. మర్నాడు పుదుపేట నుంచి పాత ఇనుమాయన వచ్చి బండిని లాక్కుపోతాడు. నాన్న గిరి మాటిచ్చేశాడు. ఈలోగా ఇంజన్‌కి ప్రాణం ఉందని ఆమె రుజువు చెయ్యాలి.

తాత ఉన్నన్నాళ్లూ ఆ బండి మీంజూరు అవతల సరుగుడు తోపుల్లో తిరిగి కర్రలు మోసింది. ఆయన పోయాక ఇంటి ముందే ఉండిపోయింది. పోయిన ఆదివారం నివేదిత దాన్ని మళ్లీ ఆ తోపుల ఇసుక దారిలోకి తీసుకెళ్లింది. తారు రోడ్డు మీద బుద్ధిగా ఉన్న టెంపరేచర్ ముల్లు, ఇసుకలో ఫస్ట్ గేర్‌లో ఈడ్చేసరికి ఎర్రగీత దాకా ఎక్కింది. మెకానిక్ ఆరోగ్యసామి బండి మొహం చూడకుండానే ఫోన్లో, ఇంజన్ లోపలి సీలు, హెడ్ గ్యాస్కెట్, పోయిందని తేల్చేశాడు. ఇంత పాత ఇంజన్ విప్పించే ఓపిక గిరికి లేదు.

"ఇంకా ఏం చూస్తుండావు పాపా? డాక్టరు చెప్పేసినాడు గదా," అన్నాడు గిరి వసారాలోంచి, కాఫీ తాగుతూ.

"ఆ డాక్టరు నాడి పట్టుకుంటే గదా నాయనా! గ్యాస్కెట్ పోతే నీళ్లు తగ్గాల. తగ్గలా. ఆయిలు నీ కాఫీ మాదిరి అయిపోవాల. నల్లగానే ఉండాది. తెల్లపొగ గూడా లేదు."

"నిన్ను ఇంజనీరింగ్ చదివించింది నా తప్పే."

ఆమె దగ్గర ఇంకో సాక్ష్యం ఉంది. ఇసుకలో ముల్లు ఎక్కుతుంటే ఆమె చెయ్యి దానంతటదే హీటర్ మీదికి పోయింది. అది తాత అలవాటు. మే నెల ఎండలో, తోపు నడుమ, ఇంజన్ వేడెక్కితే హీటర్ ఫుల్లుగా తిప్పేవాడు. ఇంజన్ వేడంతా లోపలికి వచ్చి, మధ్య సీట్లో ఉన్న చిన్న నివేదిత కాళ్లు మాడిపోయేవి. మా తాతకి పిచ్చి అని బళ్లో అందరికీ చెప్పుకుంది. ఆ పిచ్చికి సిలబస్‌లో ఒక పేరూ, పెద్ద ఫార్ములా ఉన్నాయని కాలేజీకెళ్లాక తెలిసింది. పోయిన వారం కూడా హీటర్ వెయ్యగానే ముల్లు దిగింది. అంటే లోపల నీళ్లు బాగానే తిరుగుతున్నాయి. ఆ వేడిని బయటికి వదిలే చోటే ఏదో అడ్డం ఉంది.

ఇంజన్ స్టార్ట్ చేసి, గోడ మీది క్యాలెండర్‌లో ఆ రోజు కాగితం చింపి గ్రిల్‌కి ఆనించింది. వెనక ఫ్యాన్ గిర్రున తిరుగుతోంది. గాలి లోపలికి లాగుతుంటే కాగితం అతుక్కుపోవాలి. అది జారి కింద పడింది.

"ఏమ్మే, ఈ రోజు కాగితం చింపేసినావే! ఇంగ రాహుకాలం ఎట్ట చూసేది?" అని గుమ్మంలోంచి అరిచింది అవ్వ మునెమ్మ.

"దొరికింది అవ్వా!"

"ఏంది, రాహుకాలమా?"

ఇంజన్ ఆపేసింది. వేడి వదిలే రేడియేటర్ ముందు, దానికి ఆనుకుని, ఏసీ కండెన్సర్ జాలీ ఉంది. చల్లగా ఉంటే అవ్వ కూడా తనతో తోపుకి వస్తుందని తాత ఎప్పుడో పెట్టించాడు. దాని బోల్టులు విప్పి, ముందుకు వంచి, సందులోకి ఫోన్ లైటు వేసింది నివేదిత.

లోపల ఒక పరుపు. సరుగుడు ఆకులు, ఇసుక, చామంతి రేకులు. ప్రతి శుక్రవారం అవ్వ గ్రిల్‌కి కట్టిన మాలలే. తాత పోయాక కూడా ఆమె ఆ పని మానలేదు. పైన రేకులు ఇంకా పసుపు పచ్చగా ఉన్నాయి, లోపలికి పోయేకొద్దీ కాఫీపొడి రంగు.

"ఏం లేదవ్వా, చెత్త," అని అడ్డం నిలబడింది.

అవ్వ ఆమెను పక్కకి తోసి, రేకుల్లోంచి ఒక దారం ముక్క లాగింది. "ఈ ముడి నాది. నా పూలే దాన్ని ఊపిరాడకుండా చేసినాయా?"

గిరి కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

"ఒక్కదానివే కాదులే," అంది నివేదిత. "ఆకులు తాత తెచ్చినాడు, పూలు నువ్వు పెట్టినావు. ఇద్దరూ కలిసే చేసినారు."

అవ్వ కాసేపు ఆ దారాన్ని వేలికి చుట్టుకుంది. "అయితే మీ తాతకి గూడా సగం తిట్లు ఉండాయి," అంది. "ఇంగ మాల లోపల అద్దానికి కడతా. నువ్వు కడుగు."

ఇంజన్ వైపు నుంచి బయటికి నీళ్లు కొట్టింది నివేదిత. తడిసిన చామంతి, సరుగుడు వాసన వీధంతా లేచింది. తాత చొక్కా వాసన. గిరి ఎవరూ పిలవకుండానే వచ్చి ట్యూబు పట్టుకున్నాడు.

మధ్యాహ్నం ముగ్గురూ అదే ఇసుక దారిలో ఉన్నారు. అవ్వ కిటికీ పక్కన, గిరి మధ్య సీట్లో. ఫస్ట్ గేర్, లోతు ఇసుక, మండే ఎండ. గిరి చూపు ముల్లు మీదే. అది నడిమధ్య నిలబడి కదల్లేదు.

"హీటర్ వెయ్యే," అంది అవ్వ.

"వద్దవ్వా, ఇంజన్ చల్లగానే ఉండాది."

"ఇంజన్‌కి కాదే. మీ తాత పక్కన కూచోనుండినట్టు ఉంటది."

నివేదిత హీటర్ ఫుల్లుగా తిప్పింది. కాళ్లు మాడుతున్నా గిరి ఆపమనలేదు. చెమట తుడుచుకుని ఫోన్ తీశాడు. "వేండాం అణ్ణా, వరాదీంగ," అని పుదుపేట ఆయన్ని రావద్దన్నాడు.

మీ ఇంటి బండికి కూడా ఇలాంటి పిచ్చి అలవాటు ఒకటి ఉండే ఉంటుంది. అది ఎవరు నేర్పారో, ఇప్పుడు ఎవరి చెయ్యి దానంతటదే అటు పోతోందో నాకు రాయండి.