ఎనిడమ్మగారి నివాసపత్రం

నేను ఒక నివాస అనుమతి పుస్తకాన్ని. ముప్పై రెండు పేజీలు, నీలం అట్ట, లోపల ఒక దొరసాని ఫొటో. ముద్రణాలయంలో నాతోపాటు పుట్టినవి వందల్లో ఉన్నాయి. అవన్నీ మహానగరాలకు పోతే నన్ను మాత్రం గోదావరి తీరాన ఒక జిల్లా పోలీసు కార్యాలయానికి పంపారు. అక్కడ విదేశీయుల విభాగం అంటే ఒక బీరువా, ఒక బల్ల, బల్ల వెనక కొత్తగా ఉద్యోగంలో చేరిన గుమాస్తా జమాలుద్దీన్ గారు. జిల్లా మొత్తానికి ఉన్న విదేశీయులు ముగ్గురో నలుగురో. వాళ్ళలో నా యజమానురాలు మిస్ ఎనిడ్ హార్‌గ్రీవ్ ఒకరు.

ఆవిడ ఇంగ్లండు నుంచి వచ్చి చింతలమెరక కుష్ఠు ఆసుపత్రిలో, స్పర్శ పోయిన పాదాలకు మెత్తటి రబ్బరు చెప్పులు కుట్టేది. నేను పుట్టడానికి పదకొండేళ్ళ ముందునుంచే కుడుతోంది. ఇంగ్లండు వాళ్ళకు కూడా వీసా ఉండాలన్న నిబంధన వచ్చాకే నా అవసరం పడింది. అంటే, ఆవిడ అప్పటికే ఉంటున్న ఊళ్ళో ఉండవచ్చని చెప్పడానికి నన్ను పుట్టించారన్నమాట. మనుషుల పనులు ఇలాగే ఉంటాయి. నాకేం, నాకు పని దొరికింది.

ఏటా ఒకసారి నన్ను పొడిగించాలి. అంతకుముందు, ఆవిడ నిజంగా ఆ ఊళ్ళోనే ఉంటోందా అని విచారించడానికి కానిస్టేబులు సత్తిరాజు సైకిలు మీద వచ్చేవాడు. మొదటి ఏడు ఇరుగుపొరుగునంతా అడిగాడు, పాస్‌పోర్టు నంబరు రెండుసార్లు సరిచూసుకున్నాడు. మూడో ఏడు వాళ్ళమ్మను వెంటబెట్టుకు వచ్చి చెప్పులకు పాదాల కొలత ఇప్పించాడు. పదో ఏడు వచ్చేసరికి విచారణ అంటే అరుగు మీద కాఫీ తాగడం, 'ఇంటివద్దనే ఉన్నారు' అని రాసుకుపోవడం. నేను ట్రంకుపెట్టెలో దుప్పట్ల కింద పడి వినేదాన్ని. ఏడాదికి రెండు మూడు రోజులు వెలుతురు, మిగతాదంతా కలరా ఉండల వాసన. చాలా ఒంటరిగా ఉండేది, చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. ఆవిడకూ ఒంటరితనం ఉండేదనుకుంటాను. చెల్లెలి పాత ఉత్తరాల కోసం అప్పుడప్పుడు పెట్టె తెరిచి, నన్ను పక్కకు నెట్టేది.

నాకు ఇరవై ఆరో ఏట, ఆ చెల్లెలు చావుబతుకుల్లో ఉందని ఫోను వచ్చింది. దేశం దాటి వెళ్ళి మళ్ళీ రావాలంటే పాస్‌పోర్టులో తిరిగి రావడానికి అనుమతి ముద్ర ఉండాలి. ఆ ముద్ర వేయవలసింది మా కార్యాలయమే. ఆవిడ నన్ను సంచిలో పెట్టుకుని వెళ్ళి అడిగింది కూడా.

"ఇంకేమైనా కాగితం కావాలాండీ, జమాలుద్దీన్ గారూ?"

"మీకేంటండీ కాగితం! వెళ్ళి మీ చెల్లెలిగారిని చూసుకుని వచ్చేయండి," అని ఆయన నవ్వేశారు.

అప్పటికి హెడ్డు కానిస్టేబులైన సత్తిరాజు అక్కడే ఉన్నాడు. "మనూరు మనం రాటానికి ఎవుణ్ణడగాలండీ?" అన్నాడు.

ఎవరికీ చెడ్డబుద్ధి లేదు. ఆవిడ పరాయి దేశస్థురాలన్న సంగతి ఆ గదిలో ముగ్గురూ మరిచిపోయారు. నా ఒక్కదానికే గుర్తుంది, నాకేమో నోరు లేదు.

విమానాశ్రయంలో ఆవిడ నేరుగా వెళ్ళి భారతీయుల వరసలో నిలబడింది. అధికారి పక్క వరస చూపించాడు. పాస్‌పోర్టు తిరగేశాడు. తిరిగి వచ్చే ముద్ర లేదు కనుక శాశ్వతంగా వెళ్ళిపోతున్నట్టే భావించి, నిబంధన ప్రకారం నన్ను తీసేసుకున్నాడు. "వచ్చేటప్పుడు ఇచ్చేస్తారు కదండీ?" అని ఆవిడ కంగారులో తెలుగులోనే అడిగింది. అతనికి తెలుగు రాదు. తల ఊపాడు.

అలా తీసుకున్న పుస్తకాలను జారీ చేసిన చోటికే పంపిస్తారు. నేను టపాలో మా జిల్లాకు తిరిగి వచ్చేశాను. ఆవిడ రాలేకపోయింది. కవరు చించి నన్ను చూశాక గానీ జమాలుద్దీన్ గారికి తాను వేయని ముద్ర గుర్తు రాలేదు.

తరువాత రెండేళ్ళు ఉత్తరాలు నడిచాయి. ఆవిడ కొత్తగా వీసాకు దరఖాస్తు పెట్టింది. శాశ్వత చిరునామా అన్నచోట చింతలమెరక అని రాస్తే, స్వదేశంలోది రాయమని తిప్పి పంపారు. చెల్లెలి కూతురి ఇల్లు రాసింది. డెబ్భై నాలుగేళ్ళ మనిషికి చింతలమెరకలో పనేమిటని అడిగారు. చెప్పులు కుట్టాలని రాసింది. తప్పు తనదేనని ఒప్పుకుంటూ జమాలుద్దీన్ గారు పైవాళ్ళకు మూడుసార్లు రాశారు. మూడుసార్లూ 'పరిశీలనలో ఉన్నది' అని జవాబు వచ్చింది. సత్తిరాజు మాత్రం ఎవరూ పంపకపోయినా ఏటా వెళ్ళి, ఆవిడ ఇంటి తాళం చూసి వచ్చేవాడు.

మొన్న ఆ చెల్లెలి కూతురి నుంచి ఉత్తరం వచ్చింది. ఎనిడమ్మగారు పోయారు. ఆఖరి వారమంతా తెలుగే మాట్లాడారట. ఆ ఇంట్లో ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదట. అది విన్నప్పుడు నాకు ఎంత దుఃఖం వచ్చిందో చెప్పలేను.

ఇక దస్త్రం మూసేయాలి. మూయడానికి కారణాలు నా చివరి పేజీలో రెండే అచ్చయి ఉన్నాయి. ఒకటి, భారతదేశంలో మరణం. రెండు, స్వదేశానికి తిరుగు ప్రయాణం. జమాలుద్దీన్ గారు ఆ రెండూ చదివి కలం మూత తీశారు.

"సొదేశం ఎల్లిపోయేరని రాత్తారేంటండీ?" అన్నాడు సత్తిరాజు. "ఇక్కడికి రానిత్తేనే కదండీ ఆవిడ ఎల్లేది!"

"ఇంకో గడి లేదయ్యా," అన్నారాయన. రెండో గడిలో టిక్కు పెట్టారు.

ఇప్పుడు బీరువా అడుగు అరలో ఉన్నాను. నన్ను ఇంకెవరూ పొడిగించరు. ఎప్పుడైనా ఎవరైనా తెరిస్తే, మిస్ ఎనిడ్ హార్‌గ్రీవ్ క్షేమంగా తన దేశం చేరుకుందని చదువుకుంటారు. చెప్పేది నేనే కదా, నమ్ముతారు.