రికార్డు మీద బొట్టుబిళ్ల

"అద్దం మీద బొట్టుబిళ్లలు అంటియ్యకే. నా కొడుకు మొఖం చూసుకునే అద్దమది" అని మా అత్త పుష్పమ్మ రోజూ పొద్దున్నే అంటుంది. రోజూ పొద్దున్నే నేను వాటిని గోటితో తీస్తాను. తీసి పారేయను. గ్రామఫోన్ రికార్డుల మీద అంటిస్తాను.

మా నాన్న యాదయ్యకు పెద్దమందడిలో మైక్‌సెట్టు ఉండేది. పెళ్లిళ్లలో పాటలు వేస్తూ, రికార్డు మీద ముల్లు ఎక్కడ పెడితే పాట ఎక్కడ అందుకుంటుందో నాకు చిన్నప్పుడే నేర్పాడు. ఆయన రెండు రికార్డు ప్లేయర్లూ నాతోపాటు అత్తగారింటికి వచ్చాయి. నా మొగుడు అరవింద్‌కు వనపర్తిలో రాక్ బ్యాండు ఉంది. తను గిటార్ వాయించి పాడతాడు, మద్దిలేటి డ్రమ్స్ కొడతాడు. నేను తిరిగే రికార్డును అరచేత్తో ఆపి, వెనక్కి లాగి, ముందుకు తోసి, అందులోని పాత డప్పు దరువును ముక్కలు చేసి పాట మధ్యలో పోస్తాను. రికార్డు జారడానికి కింద పాత పట్టుచీర కొంగు గుండ్రంగా కత్తిరించి వేశాను. దరువు మొదలయ్యే చోటుకు గుర్తు బొట్టుబిళ్ల. ఆ ఎర్రచుక్క నా ఎదురుగా వచ్చిందంటే చెయ్యి వదలాలి.

"గా గీకుడు లేకుంటే మన పాట ఉత్త భజన వదినా" అన్నాడు మద్దిలేటి ఒకసారి. అరవింద్ నవ్వి, "వాణీ, పోయి చాయ్ పెట్టు" అన్నాడు. పెట్టాను. కప్పులు కడిగాను. తడి చేతులతో రికార్డు ముట్టకూడదు కాబట్టి కొంగుకు తుడుచుకుని వచ్చి మళ్లీ నిలబడ్డాను. ఆలస్యమైందని విసుక్కున్నాడు.

రెండువేల ఏడులో మేం చేసిన సీడీ హైదరాబాదులో ఒక మ్యూజిక్ కంపెనీ ఆయన చేతిలో పడింది. ఫోన్ చేసి, "మధ్యలో ఆ గీకే సౌండ్ ఎవరిదండీ? కొత్తగా ఉంది" అని అడిగాడు. "అది కంప్యూటర్ల చేసిన సార్" అన్నాడు అరవింద్. నేను పక్కనే అతని చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. చొక్కా కాలనివ్వలేదు. అందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

నచ్చితే తమ కంపెనీ తరఫున సీడీ వేస్తామని, మమ్మల్ని చూడ్డానికి ఆయన వనపర్తి వస్తానన్నాడు. ఫంక్షన్ హాలు మాట్లాడారు.

"నువ్వు స్టేజి మీద పరదా ఎనక కూసో. చుట్టాలంత వస్తరు, అమ్మ జర పరేషానైతది" అన్నాడు అరవింద్.

"మరి సీడీ మీద నా పేరు?"

"ఇంట్ల మనిషికి పేరెందుకే?"

ప్రోగ్రాం రోజు సాయంత్రం పరదా వెనక రికార్డుల పెట్టె తెరిచాను. రికార్డులన్నీ తళతళా మెరుస్తున్నాయి. ఒక్క బొట్టుబిళ్ల లేదు. అత్త పరదా పక్కనుంచి తొంగిచూసి, "నేనే తుడ్సిన. ముత్తైదువ బొట్టు గిర్రగిర్ర తిరిగితే మొగనికి అరిష్టం. నా కొడుకు ఆయుష్షు గీకుతున్నవే నువ్వు" అనేసి వెళ్లి ముందు వరసలో కూర్చుంది.

పాట మొదలైంది. రెండో చరణం తర్వాత అందరూ ఆగాలి, నా దరువు ఒక్కటే రావాలి. హెడ్‌ఫోన్ పెట్టుకుని చెవితో చోటు పట్టుకున్నాను. ఒక్కసారికైతే చెవి చాలు. మళ్లీ మళ్లీ అక్కడికే లాగాలంటే గుర్తు కావాలి. కానీ నిజం చెప్తున్నాను, నేను ఆగింది అందుకు కాదు. అరవింద్ చెప్పిన ఆ కంప్యూటర్ ఏం వాయిస్తుందో విందామని ఆగాను.

అందరూ ఆగారు. హాలంతా నిశ్శబ్దం. అరవింద్ పరదా వైపు తిరిగాడు. అతనితోపాటు హాలంతా పరదా వైపు చూసింది. నోటి ముందు మైకున్న సంగతి మరచిపోయి, "వాణీ! కానియ్యే!" అని అరిచాడు. ఆ మాట నాలుగు స్పీకర్లలో మోగింది.

పరదా లాగేశాను. నుదుటి మీది బొట్టుబిళ్ల తీసి రికార్డుకు అంటించాను. ముందు వరసలో అత్త "అయ్యో" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చెయ్యి వదిలాను.

పాట అయిపోగానే కంపెనీ ఆయన నేరుగా నా దగ్గరికి వచ్చి పేరు అడిగాడు. అరవింద్ నోరు తెరిచేలోపే, "శ్రీవాణి. ఆ సౌండ్ నాది. సీడీ మీద నా పేరు లేకపోతే సౌండ్ కూడా ఉండదు" అన్నాను. ఆయన జేబులోంచి కాగితం తీసి రాసుకున్నాడు. అరవింద్ నావైపు చూళ్లేదు, గిటార్ తీగలు సవరించుకుంటూ నిలబడ్డాడు.

అత్త స్టేజి ఎక్కి వచ్చి నా రెక్క పట్టుకుంది. "మొగడు బతికుండంగనే బోడి నొసలుతోని నిలవడ్డవు. ఏదే నీ బొట్టు?"

"దానికి పనున్నకాడ పెట్టిన అత్తమ్మా. ఇగ ఆడనే ఉంటది."