మానిక నిండితేనే ఓటు

మా ఆయన కృపానందం తాడేపల్లిగూడెంలో బియ్యం మిల్లు గుమాస్తా. వారమంతా అక్కడే ఉండి, శనివారం సాయంత్రం రైల్లో ఏలూరు వచ్చేవారు. వచ్చిన మనిషి కాళ్లు కడుక్కుని కుదురుగా కూర్చుంటారా అంటే అదీ లేదు. సంచిలోంచి సంఘం నిబంధనలు తీసి నాకు వినిపించేలా చదివేవారు. నాకు ఓటు లేదు కాబట్టి వినడం ఒక్కటే నా వంతు.

అది కతోలిక గృహస్థుల సంఘం. కల్లు మానిపించాలి, పెళ్లిళ్లకు అప్పులు చెయ్యడం మానిపించాలి, గుళ్లో ముందు వరస వెనక వరస అనే తేడా పోవాలి, అన్నీ ఫాదరు స్వాములవారి నెత్తిన వెయ్యకుండా మన పనులు మనమే చూసుకోవాలి అని పెట్టుకున్నారు. మంచి ఆశయాలే, కాదనను. చందా పిడికెడు బియ్యం. పొయ్యి వెలిగించిన ప్రతిసారీ, ఎసట్లో పోసే ముందు ఇల్లాలు పరలోక జపం చెప్పి పిడికెడు తీసి వేరే కుండలో వెయ్యాలి. నెలనెలా ఆ కుండ సంఘానికి పోతుంది. పిడికిలి ఆడదానిది, జపం ఆడదానిది, ఓటు మాత్రం ఇంటి యజమానిది. ఆడదానికి ఓటు రావాలంటే మొగుడు పోవాలి. ఆ మాట ఒకసారి పైకే అన్నాను. ఆ ఆదివారమంతా ఆయన నాతో మాట్లాడలేదు.

పంతొమ్మిదివందల ముప్పై ఆరులో ఆయనే పట్టుబట్టి ఇంకో నిబంధన పెట్టించారు. ఎవరి కుండ వాళ్లు సభకు తేవాలి. మిల్లునుంచి తెచ్చిన మానికతో అందరి ముందూ కొలవాలి. మానిక నిండితేనే ఓటు. కుండలో ఉన్నవి పిడికిళ్లతో తీసినవే అయ్యుండాలి, గాదెలోంచి తోడి నింపితే చెల్లదు.

"దీంతో సోమరులు బయటపడతారు" అన్నారు.

సోమరులు బయటపడలేదు. పొయ్యి వెలగని ఇళ్లు బయటపడ్డాయి.

వాటిలో రూతమ్మ ఇల్లు ఒకటి. రూతమ్మది కొల్లేటి మధ్య లంక, కొల్లేటికోట. దోనెలో వచ్చి మా వీధిలో చేపలు అమ్మేది. భర్త పోయాక ఇంటికి ఆమే యజమాని, అందుకని ఆమెకు ఓటు హక్కుంది. అతను పోయినప్పుడు కొల్లేరు పొంగి లంకంతా నీళ్లు. తవ్వడానికి జానెడు నేల లేదు. శవాన్ని దోనెలో వేసుకుని గట్టుకు తెచ్చింది. గట్టుమీది సమాధుల తోట సంఘానిది, మా పిడికిళ్ల బియ్యం అమ్మి కొన్నది. లంకల వాళ్లకు అందులో చోటు లేదన్నారు పెద్దలు. రెండో రోజుకి ఇక ఆగలేక రాయి కట్టి కొల్లేట్లోనే వదిలారు. చేపలమ్మి బతికే ఆ ఇంట్లో ఆ తరవాత చాలాకాలం ఎవరూ చేప ముట్టలేదు.

ఇప్పుడు రూతమ్మ అత్త సుబ్బాయమ్మ మంచాన పడింది. కొల్లేరు మళ్లీ పెరుగుతోంది. ముసలమ్మకు ఒకటే మాట. "నన్ను చేపలకెయ్యకే తల్లీ. మట్టిలో పెట్టవే."

లంకల వాళ్లకూ తోటలో చోటివ్వాలన్న తీర్మానం ఆగస్టులో, మరియమ్మ మోక్షారోపణ పండుగ తరవాతి ఆదివారం ఓటుకు వచ్చింది. నీళ్లకు భయపడి రూతమ్మ ముందురోజే అత్తను దోనెలో తెచ్చి మా అరుగుమీద పడుకోబెట్టింది. ముసలమ్మ గంజి కూడా వద్దని మొహం తిప్పుకుంది. అటు సగం, ఇటు సగంగా ఉన్నారని ఊరంతా చెప్పుకుంటున్నారు. మా ఆయన ఎటో నాకు తెలుసు.

ఆ పొద్దున్న నా కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు. వంటింట్లోంచి అరుగుమీదికి, అరుగుమీంచి వంటింట్లోకి. పాలు పొంగి పొయ్యి ఆరింది. చివరికి ఉండబట్టలేక ఆయన ముందుకెళ్లి నిలబడ్డాను.

"ఏవండీ, ఆ ముసలమ్మని చూస్తూ ఎలా కాదంటారండీ?"

"తోట ఎంతుంది సలోమీ? నాలుగు లంకలు వచ్చి పడితే పదేళ్లలో నిండిపోతుంది. తరవాత పాత సమాధులు తవ్వుతారు." ఆయన గొంతు తగ్గింది. "మన పాపని తవ్వుతారు."

మా మొదటి బిడ్డ అక్కడ ఉంది. మూడు నెలల పిల్ల. పోయిన నాటినుంచి దాని మాట ఆయన నోట రాలేదు. నేనొక్కదాన్నే ఏడుస్తున్నానని ఇన్నాళ్లూ ఆయనమీద కోపం పెట్టుకున్నాను.

"పక్కన ఎవరైనా ఉంటే దానికి తోడే కదండీ" అన్నాను. "ఆ ముసలమ్మ పక్కనుంటే ఎత్తుకుని ఆడిస్తుంది."

"నిబంధన నిబంధనే. రూతమ్మ కుండ నిండితే ఓటు వేస్తుంది, ఎవరొద్దన్నారు?" అని కండువా వేసుకుని బడి పాకలో సభకు బల్లలు సర్దించడానికి వెళ్లిపోయారు.

నేను అరుగుమీదికి వెళ్లి రూతమ్మ కుండ ఎత్తి చూశాను. తేలిగ్గా వచ్చింది. ముసురుకి వలలు వెయ్యలేదు, వలలు లేక పొయ్యి లేదు, పొయ్యి లేక పిడికిలి లేదు.

"గాదెలోంచి పోస్తానుండు."

రూతమ్మ కుండ తన వైపు లాక్కుంది. "వద్దండి సలోమమ్మగారూ. జపం చెప్పి తియ్యని బియ్యం పోసి, పోసేనని ఎలా చెప్పనండీ? దేవుడికి అబద్ధం చెప్పినట్టు కాదండీ?"

ఆ మాటతో నాకు దారి దొరికింది. వంటింట్లోకి వెళ్లి మా సంఘం కుండ ఎత్తుకొచ్చాను.

"ఇవన్నీ జపం చెప్పి తీసినవే. నా చేత్తో తీశాను."

"మరి అయ్యగారి ఓటండీ?"

"ఆయన ఒక్క పిడికిలి తీసి ఎరగరు. నేను తీసినవి నాకిష్టమైన చోట పోస్తాను."

రూతమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. అంతలో చాపమీంచి సుబ్బాయమ్మ మూలిగింది. ఆ అడ్డం పెట్టిన చెయ్యి మెల్లగా పక్కకు జరిగింది. నేను పోశాను.

బడి పాకలో మగవాళ్లు బల్లలమీద, మేము గుమ్మం బయట. స్వాములవారు ప్రార్థన చెప్పి, ఇది గృహస్థుల సభ అని వెళ్లిపోయారు. అధ్యక్షులు అహరోను మాస్టారు. కొలిచేది మా ఆయనే. కొలవడం, మానిక అంచున బద్దతో సమంగా గీయడం, "నిండింది" అనడం, గోనెలో పొయ్యడం. కొన్ని కుండల దగ్గర మాత్రం "వెలితి" అనేవారు. అవన్నీ లంకల వాళ్లవే. వాళ్లు తల వంచుకుని వెనక్కి పోయేవారు. మా వంతు రావడం లేదు, చూపు పక్కకు తిప్పుకోలేకపోతున్నాను. నా కొంగు చివర నలిగి పీచైపోయింది.

రూతమ్మ కుండ వచ్చింది. పోస్తూ పోస్తూ ఆయన చెయ్యి ఆగిపోయింది. లంకల్లో తినేవి ఎర్రటి దంపుడు బియ్యం. వాటితో తెల్లటి మిల్లు బియ్యం కలిసి పడ్డాయి. ఎవరికి తెలియకపోయినా మిల్లు గుమాస్తాకి తెలియదా?

"ఏం రూతమ్మా, ఇవి పిడికిళ్లతో తీసినవేనా?"

రూతమ్మ నోరు తెరిచేలోపు నేను గుమ్మంలోంచే అన్నాను. "పిడికిళ్లతో తీసినవేనండి. జపం చెప్పి తీసినవే."

ఆయన తలెత్తి నన్ను చూశారు. ఎవరి పిడికిలి అని ఆయన నిబంధనలో రాయలేదు. బద్దతో గీసి, "నిండింది" అన్నారు.

చివర మా కుండ. మానికలో సగం దాటి కాస్త పైకొచ్చి ఆగిపోయింది. కుండని బోర్లించి తట్టారు. ఒక్క గింజ రాలలేదు.

అహరోను మాస్టారే తేరుకున్నారు. "ఏవండీ కృపానందంగారూ, ఇల్లు పక్కవీధేగా అండీ. సలోమమ్మగారు వెళ్లి రెండు గుప్పెళ్లు తెస్తే సరిపోదూ? మనలో మనకేంటండీ."

"తెమ్మంటారా అండీ?" అని అడిగాను. నిజంగానే అడిగాను. తెమ్మంటే తెచ్చేదాన్ని. ఆ తరవాత ఈ మనిషితో ఎలా కాపరం చేస్తానో మాత్రం తెలియదు.

ఆయన మానికలో ఉన్నవాటిని గోనెలో ఒంపారు. చెమట తుడుచుకున్నారు.

"చెల్లదండి మాస్టారూ. వెలితి" అన్నారు. "నాకు ఓటు లేదు."

చేతులెత్తినప్పుడు లెక్కపెట్టింది ఆయనే. రెండుసార్లు లెక్కపెట్టారు. తీర్మానం ఒక్క చేతితో నెగ్గింది.

నేను, రూతమ్మ ఇంటికి పరుగెత్తాం. రూతమ్మ అత్త చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది. సుబ్బాయమ్మ కళ్లు తెరిచింది.

"గట్టుమీదేనా? మట్టిలోనేనా?"

"మట్టిలోనే అత్తా."

ముసలమ్మ మొహం ఇటు తిప్పింది. "అయితే ఇప్పుడేం తొందరలే. కాస్త గంజి కాచవే, ఆకలేస్తంది."

రూతమ్మ నవ్విందో ఏడ్చిందో, కొంగు నోట్లో కుక్కుకుని మా వంటింట్లోకి వచ్చింది. నేను పొయ్యి ముట్టించాను. ఆమె చేటలో బియ్యం పోసుకుని, అలవాటు కొద్దీ పెదాలు కదిపి, పిడికెడు తీసింది. తీసి ఆగిపోయింది. సభనుంచి తెచ్చిన రెండు కుండలూ ఖాళీగా గోడపక్కన ఉన్నాయి.

"ఏ కుండలో వెయ్యనమ్మా?"

నేను జవాబు చెప్పేలోపు గుమ్మంలోంచి మా ఆయన గొంతు వినిపించింది. ఎప్పుడొచ్చారో, చెప్పులు విప్పి అక్కడే నిలబడి ఉన్నారు. రూతమ్మని ఆయన ఏనాడూ 'అండీ' అన్న పాపాన పోలేదు.

"వెలితి పడ్డది మాదండి రూతమ్మగారూ" అన్నారు. "మా కుండలో వెయ్యండి."

రూతమ్మ నావైపు చూసింది. నేను కుండ మూతి ముందుకు పెట్టాను.